దృష్టి చరిత్ర – తొమ్మిదవ భాగం: నల్లగుడ్డుపై గాట్లు

కళ్ళజోడు, కాంటాక్ట్ లెన్సు అనే రెండు సాధనాలు కంటి దోషాన్ని కంటికి బయట ఉంచిన గాజుతోనో ప్లాస్టిక్‌తోనో సర్దుబాటు చేస్తాయే తప్ప కంటి నిర్మాణాన్ని ముట్టుకోవు. ఆ సర్దుబాటు ఎంత చక్కగా కుదిరినా, జోడు తీసిన క్షణాన దోషం తిరిగి ఎదురుగా నిలుస్తుంది. కంటి ఆకారాన్నే మార్చి జోడు అవసరం లేకుండా చేయాలన్న సంకల్పం పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో మొలకెత్తి, జపానులో ఘోరంగా విఫలమై, సోవియట్ దేశంలో విరివిగా ఆచరణకు వచ్చి, అమెరికాలో కఠినమైన లెక్కలకు గురై, చివరకు లేజరు రాకతో వెనుకబడింది. ఈ శస్త్రచికిత్సకు వైద్యులు పెట్టిన పేరు రేడియల్ కెరటాటమీ. బండిచక్రపు ఆకుల వలె మధ్య నుంచి అంచుకు సాగే గాట్లను కార్నియాపై పెట్టడమని దాని భావం.

కార్నియా అంటే కనుపాపనూ దాని చుట్టూ ఉండే రంగు పొరనూ కప్పుతూ, గడియారంపై అద్దంలా ముందుకు ఉబ్బి ఉండే పారదర్శకమైన పొర. వాడుకలో నల్లగుడ్డు అనే భాగానికి పైకప్పు ఇదే. దీనిపై మచ్చ ఏర్పడినప్పుడు తెలుగు పల్లెల్లో కంట్లో పువ్వు పడిందంటారు. దీని మందం మధ్యభాగంలో దాదాపు అర మిల్లీమీటరే అయినా, కంటికి ఉన్న సుమారు 60 డయాప్టర్ల వక్రీకరణ శక్తిలో 43 డయాప్టర్ల వరకు దీనిదే. డయాప్టర్ అనేది కటకపు శక్తికి కొలత: ఒక మీటరు దూరంలో కాంతిని ఒక బిందువుకు చేర్చే కటకపు శక్తి ఒక డయాప్టర్. పెద్దవారి కంటి పొడవు ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు కాగా, అది ఒక్క మిల్లీమీటరు పెరిగినా దూరం నుంచి వచ్చే కాంతి కిరణాలు లోపలి తెర అయిన రెటీనాకు ముందే కలుసుకుంటాయి, ఫలితంగా రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టి ఏర్పడుతుంది. కళ్ళజోడు చీటీలో మైనస్ నాలుగు అని ఉన్న మనిషికి జోడు లేకుండా స్పష్టంగా కనిపించే ప్రపంచం పావు మీటరు దగ్గర, అంటే జానెడుకు కాస్త మించిన దూరంలో ముగుస్తుంది. పొడవు పెరిగిన కంటిని కుదించే దారి లేనందున వైద్యులు రెండవ దారి వెతికారు: కార్నియా ఉబ్బును తగ్గించి చదును చేయగలిగితే దాని శక్తి తగ్గి, కిరణాలు కలిసే చోటు వెనుకకు జరిగి రెటీనాను చేరుతుంది.

ఈ కథను ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరంలో, మరోదా సెక్టార్ నుంచి చూడడానికి తగిన కారణం ఉంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారం పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణం కోసం రాయపూర్–విజయనగరం రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరలివచ్చి, ఉక్కునగరపు సెక్టార్లలో రెండు మూడు తరాలుగా స్థిరపడ్డాయి. మరోదాలో 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ అనే ఉద్యానవనం, జంతుప్రదర్శనశాల ఆ రెండు దేశాల స్నేహానికి గుర్తుగా నాటబడినదే, దాని పేరులోని మైత్రి కూడా అదే. ఆ తోటలో మొక్కలు వేళ్ళూనుతున్న 1970ల మొదటి సంవత్సరాల్లోనే, ఉక్కు తయారీ విద్యను భిలాయికి పంపిన దేశపు రాజధానిలో మరో రకమైన ఉక్కు, అంటే శస్త్రవైద్యుడి కత్తి అంచు, కొత్త పనికి పూనుకుంది. కొలిమి వేడిలో, చెమటలో, ఉక్కు ధూళిలో కళ్ళజోడుతో పనిచేయడం ఎంత ఇబ్బందో ఎరిగిన ఊరికి ఆ పని ఏమిటన్నది పరాయి విషయం కాదు.

కార్నియాపై గాటు పెడితే దాని వంపు మారుతుందన్న గుర్తింపు మాస్కోకు చాలా ముందటిది. ప్రతి కంటి ఆసుపత్రి గోడపై కనిపించే, పై నుంచి కిందికి చిన్నవవుతూ పోయే అక్షరాల పట్టికను 1862లో రూపొందించిన డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్, 1869లో కార్నియా ఎక్కువ వంగి ఉన్న దిశకు అడ్డంగా గాటు పెట్టి ఆ వంపును తగ్గించవచ్చునని ప్రతిపాదించాడు. అతని దృష్టిలో ఉన్నది హ్రస్వదృష్టి కాదు, కార్నియా గోళాకారంలో కాక కోడిగుడ్డు వంపులో ఉండడం వల్ల కలిగే ఆస్టిగ్మాటిజం అనే దోషం. 1885లో నార్వే వైద్యుడు యాల్మార్ ష్యోట్జ్, శుక్లం తీసిన తరువాత విపరీతంగా వంకర తిరిగిన ఒక కంటిలో ఈ పద్ధతిని ప్రయోగించాడు. 1898లో హాలండ్‌కు చెందిన లాన్స్ కుందేళ్ళ కళ్ళపై ఓపికగా చేసిన ప్రయోగాలు ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళు: గాటు లోతు, పొడవు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనీ, గాటు ఉన్న దిశలో కార్నియా చదునైతే దానికి లంబమైన దిశలో ఉబ్బుతుందనీ అతడు తేల్చాడు. ఈ రెండవ సూత్రం ఈనాటికీ శుక్లం శస్త్రచికిత్సలో గాటు ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తుండగా, దానిని కనుగొన్న మనిషి పేరు వైద్యుల్లో కూడా కొద్దిమందికే గుర్తుండడం విచారకరం.

లాన్స్ తరువాత నలభై ఏళ్ళకు టోక్యోలోని జుంటెండో విశ్వవిద్యాలయంలో ట్సుటోము సాటో ఈ దారిని తిరిగి పట్టాడు. కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ అనే జబ్బు ఉన్నవారిలో, కార్నియా లోపలి పొర తనంతట తాను చిట్లి మానిన తరువాత ఆ శంకువు కొంత చదునవడం సాటో గమనించాడు. ప్రకృతి చేసిన పనిని కత్తితో చేయవచ్చునన్న ఊహతో, 1939 నుంచి వ్యాసాలు వెలువరిస్తూ, కార్నియాకు బయటి వైపున, లోపలి వైపున కూడా పదుల సంఖ్యలో గాట్లు పెట్టే పద్ధతిని రూపొందించాడు. 1951 నుంచి 1959 వరకు జుంటెండోలో 681 కళ్ళకు ఈ శస్త్రచికిత్స జరిగింది. చూపు మెరుగుపడింది, రోగులు సంతోషించారు, 1953లో అమెరికన్ వైద్య పత్రికలో కూడా ఈ పద్ధతి ప్రచురితమైంది.

అయితే కార్నియా లోపలి ముఖంపై ఎండోథీలియం అనే ఒకే ఒక్క వరుస కణాలు పరచుకుని ఉంటాయి. చదరపు మిల్లీమీటరుకు రెండున్నర వేల నుంచి మూడు వేల వరకు ఉండే ఈ కణాలు కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడివేయడం వల్లనే ఆ పొర పారదర్శకంగా నిలుస్తుంది. పైగా మనిషిలో ఇవి ఒకసారి నశిస్తే వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. మిగిలిన కణాలు సాగి, విచ్చుకుని ఖాళీని కప్పుతాయి గనుక నష్టం వెంటనే బయటపడదు. సాటో కాలంలో ఈ సంగతి ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు, లోపలి వైపు పెట్టిన ప్రతి గాటూ ఆ కణాలను బలి తీసుకుంటున్నదని ఆయనకూ తెలియదు. శస్త్రచికిత్స జరిగిన ఇరవై ఏళ్ళ ప్రాంతంలో ఆ కళ్ళు ఒకటొకటిగా ఉబ్బి, మసకబారి, పొక్కులు లేవడం మొదలైంది. 1970లలోనూ 1980ల తొలి సంవత్సరాలలోనూ జపాను వైద్యులు ఈ విధ్వంసాన్ని నమోదు చేసేనాటికి సాటో జీవించి లేడు. ఆయన నిజాయితీని శంకించవలసిన అవసరం లేదు. ఏడాదికో రెండేళ్ళకో చూసి మేలు జరిగిందని ఆయన చెప్పినది ఆ ఏడాదికి నిజమే. యాభై ఏళ్ళు బ్రతకవలసిన కంటికి ఆ ఏడాది సాక్ష్యం చాలలేదు.

లోపలి వైపు ముట్టుకోకుండా బయటి వైపు మాత్రమే గాట్లు పెట్టాలన్న మార్పు 1960ల చివరలో సోవియట్ వైద్యులైన బెలయేవ్, యెనలియేవ్‌ల పరిశోధనలతో ఆరంభమై, 1970ల తొలి సంవత్సరాల్లో స్వియతోస్లావ్ ఫ్యోదొరొవ్ చేతిలో రూపు దిద్దుకుంది. 1927లో ఉక్రెయిన్‌లో పుట్టి, విమానచోదకుడు కావాలనుకుని, కౌమారంలో జరిగిన ప్రమాదంలో కాలు పోగొట్టుకుని వైద్యం వైపు మళ్ళిన ఈ మనిషి, 1960లో సోవియట్ దేశంలో మొదటిసారిగా కంట్లో కృత్రిమ కటకాన్ని అమర్చి అప్పటికే పేరూ శత్రువులనూ సంపాదించాడు. పిల్లవాడి కళ్ళజోడు పగిలి గాజుముక్క కంట్లో గుచ్చుకోగా, గాయం మానాక హ్రస్వదృష్టి తగ్గిందన్న కథ ఫ్యోదొరొవ్ పేరిట ప్రపంచమంతా తిరిగింది. స్నెల్లెన్, లాన్స్, సాటో, బెలయేవ్‌లు వేసిన మెట్లను ఒక్క గాజుముక్కతో చెరిపివేసే కథ అది. చరిత్ర రాసేవారు దాన్ని ఉన్నంతకే లెక్కించడం న్యాయం.

ఫ్యోదొరొవ్ పద్ధతిలో పని ఇలా సాగేది. కంటికి మత్తు ఇచ్చాక, కనుపాపకు ఎదురుగా ఉన్న మూడు, నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి భాగాన్ని గుర్తు వేసి దానిని ముట్టేవారు కాదు, ఎందుకంటే చూపు ప్రధానంగా సాగేది అక్కడి నుంచే. ఆ వృత్తపు అంచుకూ తెల్లగుడ్డు మొదలయ్యే చోటుకూ మధ్య మొదట్లో పదహారు, తరువాత ఎనిమిది, ఇంకా తరువాత నాలుగు గాట్లు పెట్టేవారు. కార్నియా మందాన్ని కొలిచి, అందులో పదింట తొమ్మిది వంతులకు తగ్గకుండా కత్తి అలుగు పొడవును మిల్లీమీటరులో వందో వంతు దాకా సర్దేవారు. అమెరికాలో ఈ అలుగు వజ్రంతో చేసినది. గాట్లు పడిన అంచు ప్రాంతం బలహీనపడి కంటి లోపలి పీడనానికి కాస్త బయటకు ఉబ్బుతుంది, దానికి జవాబుగా మధ్యభాగం చదునవుతుంది. రష్యన్ పద్ధతిలో కత్తి అంచు నుంచి మధ్యకు సాగేది, అమెరికన్ పద్ధతిలో మధ్య నుంచి అంచుకు. మొదటి దానిలో లోతు బాగా వస్తుంది గానీ చేయి జారితే చూపు దారిలోకే కత్తి వెళ్తుంది, రెండవదానిలో ఆ ప్రమాదం తక్కువ గానీ లోతు సరిగా రాదు. అర మిల్లీమీటరు మందంలో, కింద మిగిలే పొరను చీల్చకుండా, ఎనిమిదిసార్లు ఒకే లోతుకు గీయగల చేతినైపుణ్యాన్ని ఈ పద్ధతి లోపాలు ఏవీ చిన్నబుచ్చలేవు.

1980లో ఫ్యోదొరొవ్ నడిపిన విభాగం మాస్కో కంటి సూక్ష్మశస్త్రచికిత్స పరిశోధన సంస్థగా మారింది. 1986లో అది తన ఆదాయాన్ని తానే ఖర్చు చేసుకునే స్వాతంత్ర్యంతో, సోవియట్ నగరాలలో శాఖలున్న పెద్ద వ్యవస్థగా ఎదిగింది. అక్కడ రోగులను బల్లలపై పడుకోబెట్టి, బల్లలు వరుసగా కదులుతుండగా ఒక్కొక్క వైద్యుడు శస్త్రచికిత్సలో ఒక్కొక్క దశ మాత్రమే పూర్తిచేసే ఏర్పాటు ప్రపంచాన్ని విస్మయపరచింది. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మె ఒక స్టాండు నుంచి మరొక స్టాండుకు సాగుతూ రైలుపట్టాగా మారడాన్ని చూసే భిలాయివాసికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. మంచి జోళ్ళు, లెన్సులు సులభంగా దొరకని దేశంలో సామాన్యుడికి ఉన్నతస్థాయి వైద్యాన్ని ఇంత విస్తారంగా అందించడం గౌరవించదగిన ఆశయం. కానీ పట్టాను కొలిచే కొలబద్ద చల్లారిన వెంటనే పని చేస్తుంది, కంటిని కొలిచే కొలబద్ద పదేళ్ళు ఆగాలి. 1996లో రష్యా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన ఫ్యోదొరొవ్, 2000 జూన్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు.

పదేళ్ళు ఆగి కొలిచే పనిని అమెరికా చేపట్టింది. 1976లో మాస్కో వెళ్ళి ఈ పద్ధతిని చూసిన లియో బోర్స్ 1978లో డెట్రాయిట్‌లో తొలి శస్త్రచికిత్స చేశాక, గిరాకీ ఎంతగా పెరిగిందంటే 1980లో ఆ దేశపు జాతీయ నేత్ర సలహా మండలి ఇది ఇంకా ప్రయోగదశలోనే ఉందని హెచ్చరించవలసి వచ్చింది. ఆపై జార్జ్ వేరింగ్ నాయకత్వంలో తొమ్మిది కేంద్రాలు కలిసి, మైనస్ రెండు నుంచి మైనస్ ఎనిమిది డయాప్టర్ల వరకు దోషమున్న 435 మందికి ఎనిమిదేసి గాట్లు ఒకే విధంగా పెట్టి, వారిని విడవకుండా పదేళ్ళు పరీక్షించాయి. పెర్క్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ అధ్యయనపు ఫలితాలు 1994లో వెలువడ్డాయి. నూటికి 85 కళ్ళు జోడు లేకుండానే పట్టికలో 20/40 వరుస లేదా అంతకన్నా మంచిది చదివాయి, 53 కళ్ళు సాధారణ చూపుకు గుర్తయిన 20/20 వరుసనే చదివాయి. దూరపు చూపుకు ఏ సాధనమూ అక్కరలేదన్నవారు నూటికి 70 మంది. ఇంతవరకు చూస్తే విజయమే. కానీ నూటికి 43 కళ్ళు ఆర్నెల్ల నాటి స్థితి నుంచి పదేళ్ళలో ఒక డయాప్టర్ లేదా అంతకు మించి ప్లస్ వైపుకు జారిపోయాయి. తాకకుండా విడిచిన మధ్యభాగం చిన్నదై గాట్లు పొడవైనకొద్దీ ఈ జారుడు ఎక్కువైంది.

ప్లస్ వైపు జారడమంటే దీర్ఘదృష్టి, అంటే కిరణాలు రెటీనాకు వెనుక కలవడం. ఇరవై అయిదేళ్ళ వయసులో కంటి లోపలి కటకం సర్దుకుని దీనిని దాచిపెడుతుంది గానీ, నలభై దాటి చత్వారం వచ్చాక దగ్గరా దూరమూ రెండూ మసకబారుతాయి. సాటో రోగులలో కణాలు చేసిన మోసాన్ని ఇక్కడ గాట్లు చేశాయని చెప్పవచ్చు: చర్మంపై దెబ్బ వలె కార్నియా గాటు గట్టిగా అతుక్కోదు, నెత్తుటినాళాలు లేని ఆ పొరలో మానుదల నిదానం, అసంపూర్ణం, కనుక చదునవడం ఆగవలసిన చోట ఆగలేదు. పొద్దున్న ఒక రకంగా, సాయంత్రం మరో రకంగా కనిపించడం, రాత్రి దీపాల చుట్టూ నక్షత్రపు కిరణాలు విచ్చుకోవడం అనేకమంది చెప్పిన ఇబ్బందులు. 1996 మే నెలలో ఎవరెస్ట్‌పై తుపానులో చిక్కుకున్న అమెరికన్ వైద్యుడు బెక్ వెదర్స్, ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవాడై, ఎత్తుకు వెళ్ళగా చూపు కోల్పోవడంతో, ప్రాణవాయువు తగ్గిన చోట గాట్లున్న కార్నియా ఉబ్బి ఆకారం మారుతుందన్న విషయం లోకానికి తెలిసింది. వీటన్నిటికన్నా ఉక్కునగరానికి ఎక్కువగా సంబంధించినది వేరొకటి: కంటికి బలమైన దెబ్బ తగిలితే ఏళ్ళు గడిచాక కూడా ఆ గాట్ల వెంటే కన్ను చిట్లిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదయ్యాయి. యంత్రాల మధ్య, ఎగిరే ముక్కల మధ్య బ్రతుకు సాగించేవారి కంటిలో శాశ్వతమైన బలహీన గీతలు గీయడం సరైన నిర్ణయం కాదన్నది ఈ లెక్కల నుంచి తేలే తీర్పు.

1980లలో ఈ పద్ధతి భారత నగరాలకు కూడా చేరింది. మైనస్ జోడు పెళ్ళిచూపులకు అడ్డంకిగా, ఉద్యోగాల వైద్యపరీక్షకు గండంగా భావించిన సమాజంలో దీనికి ఆకర్షణ ఉండడం సహజమే. అయితే జోడు పోయినంత మాత్రాన ప్రతి అర్హతా రాదు, రైలు నడిపే లోకో పైలట్ వంటి ఉద్యోగాలకు చూపు సరిచేసే శస్త్రచికిత్స చేయించుకున్నవారిని రైల్వే వైద్య నిబంధనలు అంగీకరించవు. పైగా కార్నియా చదునైనా కంటి పొడవు మారదు గనుక, పొడవైన కంటికి ఉండే రెటీనా ఊడే ప్రమాదం అలాగే ఉంటుంది. అదే దశాబ్దంలో, 1987లో, కార్నియా నిపుణుడైన గుళ్ళపల్లి నాగేశ్వరరావు అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చి, సినీదర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబపు వితరణతో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. పువ్వు పడి చూపు పోయిన పేదవారికి చనిపోయినవారి నుంచి సేకరించిన స్వచ్ఛమైన కార్నియాను అమర్చడం ఆ సంస్థ ముఖ్యకార్యాలలో ఒకటి. ఒక మచ్చలేని కార్నియా కోసం వేలమంది వరుసలో వేచి ఉండే దేశంలో, మచ్చలేని కార్నియాపై ఎనిమిది మచ్చలు గీయడాన్ని వేరే తక్కెడలో తూచవలసి ఉంటుంది.

కత్తికి పోటీగా వచ్చినది కూడా ఒక భారతీయుడి పరిశోధనశాల నుంచే. చెన్నైలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో ఇద్దరు సహచరులతో కలిసి, 1981లో ఎక్సైమర్ అనే అతినీలలోహిత లేజరు జీవకణజాలాన్ని కాల్చకుండానే పొరపొరగా తొలగించగలదని చూపాడు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ దానిని కార్నియాకు అన్వయించగా, అంచున కోసి మధ్యభాగాన్ని పరోక్షంగా చదును చేసే పద్ధతి స్థానంలో మధ్యభాగాన్నే మైక్రాన్ల లెక్కన చెక్కే పద్ధతి వచ్చింది. 1990ల మధ్యకాలానికి లేజరు వ్యాపించి, హ్రస్వదృష్టికి ఆకు గాట్లు పెట్టడం దాదాపు ఆగిపోయింది. ఆస్టిగ్మాటిజం కోసం అంచున పెట్టే వంపు గాట్లలో మాత్రం స్నెల్లెన్, లాన్స్‌ల ఆలోచన నేటికీ బ్రతికి ఉంది.

గాట్లు పెట్టించుకున్న ఆ తరం ఇప్పుడు శుక్లాల వయసుకు వచ్చింది. శుక్లం తీసి కంట్లో అమర్చే కృత్రిమ కటకపు పవర్‌ను కార్నియా వంపును బట్టి లెక్కకడతారు. సాధారణ యంత్రం కార్నియా మధ్య నుంచి కాస్త దూరంగా ఉన్న వలయంలో వంపును కొలిచి మధ్యభాగపు వంపును అంచనా వేస్తుంది, ఈ కళ్ళలో ఆ అంచనా తప్పి, శస్త్రచికిత్స తరువాత మనిషి ప్లస్ వైపున మిగిలిపోతాడు. అందుకే స్లిట్ ల్యాంప్ అనే సన్నని కాంతిరేఖ పరికరం కింద బూడిదరంగు ఆకుల్లా కనిపించే పాత గాట్లను గుర్తించిన వైద్యుడు ప్రత్యేక సూత్రాలతో లెక్క చూసి, కొత్త గాటు పాత గాటుపై పడకుండా చోటు ఎంచుకుంటాడు. శస్త్రచికిత్స జరిగాక కార్నియా కొద్దిగా ఉబ్బి కొన్ని వారాలపాటు తాత్కాలికంగా మరింత చదునవుతుంది గనుక, మొదటి కంటి చూపు నిలకడకు వచ్చేదాకా రెండవ కంటి జోలికి పోరు. ముప్పై నలభై ఏళ్ళ కింద జరిగిన చికిత్స కాగితాలు, అప్పటి కళ్ళజోడు చీటీ బీరువా అడుగున దొరికితే, వాటిని తీసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళడం ఆ లెక్కకు ఎంతో సాయపడుతుంది.